మొలలేలే అని ఊరుకోకండి నాయనా

ఈ పూట కబురు ముక్కు మూసుకునేదే, అయినా వినాలి. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా మన పెద్దవాళ్లు ఏమంటారు? "మొలలేలే, వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇదే గుర్తుతో వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ జబ్బు రాత్రికి రాత్రి పుట్టేది కాదు. పేగు లోపలి పొర మీద మొదట చిన్న బుడిపె లేస్తుంది. డాక్టర్లు దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ చెడ్డవి కావు. చెడిపోయేదానికి కూడా క్యాన్సర్‌గా మారడానికి సుమారు పదేళ్లు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి ఉండదు. బుడిపె పెరిగేకొద్దీ కంటికి ఆననంత రక్తం అప్పుడప్పుడు మలంలో కలుస్తుంది. ఆ జాడ పట్టేదే మల పరీక్ష. ఆళ్లగడ్డ శిల్పి రాయిని పగలగొట్టి చూడడు కదా, సుత్తితో తట్టి, అది మోగే తీరును బట్టి లోపల బీట ఉందో లేదో పసిగడతాడు. ఇదీ అలాంటిదే.

పాత పరీక్షలో ఒక తంటా ఉండేది. మాంసం తిన్నా, పచ్చి ముల్లంగి తిన్నా అది మోసపోయేది. ఇప్పటి 'ఫిట్' పరీక్ష మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్‌నే గుర్తుపడుతుంది కాబట్టి పథ్యం అక్కర్లేదు. పుల్లను మలానికి రెండు మూడు చోట్ల తాకించి, సీసాలో పెట్టి మూత బిగిస్తే చాలు. నీళ్లూ మూత్రమూ కలవకూడదు. ఎండ తగిలితే హిమోగ్లోబిన్ విరిగిపోతుంది. మన నంద్యాల ఎండలు తెలిసినవేగా! సీసాను చల్లటి చోట ఉంచి, ఆలస్యం చేయకుండా ఇచ్చేయాలి. రక్తం ఉందని తేలితే క్యాన్సరేనని కాదు, మొలల వల్లా రావచ్చు. తేల్చేది కొలనోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష. పాలిప్ కనపడితే అప్పుడే తీసేయవచ్చు కూడా. అమెరికాలోని మిన్నెసోటాలో ఏటేటా మల పరీక్ష చేయించుకున్నవాళ్లలో 13 ఏళ్లలో ఈ క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 1993లో తేలింది.

మరి చదువు రానివాళ్ల సంగతేమిటి? 2011 జనాభా లెక్కల్లో, నంద్యాల కూడా కలిసి ఉన్న పాత కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. ఆడవాళ్లలో అయితే సగం మందికే చదువు వచ్చు. వాళ్ల చేతిలో కరపత్రం పెడితే ఏం లాభం? అమెరికాలోని లూసియానాలో టెరీ డేవిస్ అనే పరిశోధకురాలి బృందం బీదవాళ్ల క్లినిక్‌లలో, ఎలా చెబితే జనం ఈ మల పరీక్ష చేయించుకుంటారో చూసింది. పరీక్ష చేయించుకోమని చెప్పి కిట్ ఇచ్చినచోట నూటికి 39 మంది చేయించుకున్నారు. తేలిక మాటల పుస్తకం, వీడియోతో పాటు కిట్ ఎలా వాడాలో చేసి చూపించినచోట 57 మంది చేయించుకున్నారు. నర్సు కూడా వెన్నంటి ఉన్నచోట 61 మంది. 2013లో అచ్చయిన లెక్క ఇది. పరీక్ష మారలేదు, చెప్పే తీరు మారింది.

మన దగ్గర 30 దాటినవాళ్లకు ప్రభుత్వం బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయిస్తోంది. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. పడమటి దేశాలతో పోలిస్తే ఇక్కడ ఈ జబ్బు తక్కువే. అయినా దేశంలో ఏటా 60 వేల మందికి పైగా దీని బారిన పడుతున్నారు. జాబితాలో లేదు కాబట్టి ఎవరూ ఇంటికొచ్చి అడగరు. మనమే చెప్పుకోవాలి.

ఆశా అమ్మలూ, నర్సమ్మలూ, మీకో మాట. బొమ్మ చూపించండి, పుల్లా సీసా పట్టుకుని చేసి చూపించండి. ఆ తర్వాత "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి కోడలికి ఎలా చెబుతావో చెప్పు పెద్దమ్మా" అని అడగండి. తడబడితే మళ్లీ చెప్పండి.

పిల్లలూ, మీకూ ఒక పని. మలంలో రక్తం, వారాల తరబడి మారిన విరేచనం, కారణం లేకుండా తగ్గే బరువు, రక్తహీనత — ఇంట్లో పెద్దవాళ్లకు వీటిలో ఏదున్నా గోడమీద రాతలు చూసి మొలల వైద్యుల దగ్గరికి తీసుకుపోకండి. నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పించండి.