ఇఫ్, వెన్, అన్‌లెస్‌లతో మన తంటాలు

‘యాడ్వెర్బ్ క్లాజ్’ అనగానే మనలో చాలామందికి హైస్కూల్లో గ్రామరు పరీక్షలు గుర్తొస్తాయి. నిజానికి విషయం చిన్నదే. పని ఎప్పుడు, ఎందుకు, ఏ షరతు మీద జరుగుతుందో చెప్పే ఉపవాక్యం అది. ఇంగ్లీషులో వెన్, బికాజ్, ఇఫ్, ఆల్దో, అన్‌లెస్ లాంటి మాటలు దాన్ని మోసుకొస్తాయి.

తెలుగులో చాలాచోట్ల ఆ విడి మాటలు అక్కర్లేదు. క్రియే వేషం మార్చుకుంటుంది. వస్తే, వచ్చినా, వచ్చాక, రాకముందు, వచ్చేదాకా... ఒక్క ‘రా’తోనే బండెడు పని! పైగా మనకి షరతు ముందు, అసలు సంగతి చివర. ఇంగ్లీషులో ఉపవాక్యం ముందైనా ఉండొచ్చు, వెనకైనా ఉండొచ్చు. ముందుంటే దాని తర్వాత కామా పెట్టాలి.

పౌరసత్వం ఇంటర్వ్యూకి వెళ్ళే మన పెద్దవాళ్ళకి వారాంతాల్లో సాయం చేస్తుంటాను. 50 ఏళ్ళు నిండి 20 ఏళ్ళుగా, లేదా 55 నిండి 15 ఏళ్ళుగా గ్రీన్‌కార్డుతో ఇక్కడ ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. అరవైల్లో పిల్లల దగ్గరికొచ్చి, అయిదేళ్ళకే దరఖాస్తు పెట్టేవారికి ఆ వెసులుబాటు లేదు.

దరఖాస్తు ఫారం ఎన్-400లో ఒక ప్రశ్న ‘ఇఫ్ ద లా రిక్వైర్స్ ఇట్’ అని మొదలై, దేశం తరఫున ఆయుధం పట్టడానికి సిద్ధమేనా అని అడుగుతుంది. ‘ఈ వయసులో నన్ను తుపాకీ పట్టమంటారేమిటి బాబూ!’ అని ఒక పెద్దావిడ కంగారుపడ్డారు. జవాబు ఆ మొదటి ముక్కలోనే ఉంది: చట్టం కోరితేనే. ప్రమాణం చేసేటప్పుడు అదే షరతు వాక్యం చివరికి వెళ్ళి, ‘వెన్ రిక్వైర్డ్ బై ద లా’ అని మూడుసార్లు వస్తుంది. కర్త, సహాయక్రియ జారిపోయి కురచైన ఉపవాక్యం అది. చోటు మారినా అర్థం మారలేదు.

మిగతా చిక్కులు కూడా మన నుడికారం తెచ్చిపెట్టేవే. ‘రేపు వెళ్ళినప్పుడు అడుగుతాను’ అన్నదాన్ని ‘వెన్ ఐ విల్ గో’ అనకూడదు, ‘వెన్ ఐ గో’ అనాలి. ఆల్దో ఉన్న వాక్యంలో మళ్ళీ బట్ వద్దు. ‘తినకముందు’లో మనకి ‘క’ ఉంది కానీ, ‘బిఫోర్ యు ఈట్’లో నాట్ లేదు. అన్‌లెస్ కడుపులోనే ‘కాదు’ దాగుంది. మందు సీసా మీద ‘డోంట్ స్టాప్ అన్‌లెస్ యువర్ డాక్టర్ టెల్స్ యు’ అని ఉంటే, డాక్టరు చెబితే తప్ప మానొద్దని. దానికి ఇంకో నాట్ తగిలిస్తే అర్థం తిరగబడుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ పుట్టిన మనవలది ఎదురు తిప్పలు. ‘నేను రాను ఎందుకంటే హోంవర్క్ ఉంది’ అంటారు. ‘హోంవర్క్ ఉంది కాబట్టి రాను’ అని అమ్మమ్మ నేర్పాలి, ‘ఇఫ్ ద లా రిక్వైర్స్ ఇట్’ అమ్మమ్మకి మనవరాలు నేర్పాలి. ఇద్దరికీ ఒకే బల్ల చాలు.