కోసిన చెరకులో ఆలస్యం – పాకంలో స్ఫటికం

తార్నాక కిరాణా దుకాణాలలో అమ్మే పటికబెల్లం ముక్కలు కొన్నింటి మధ్య నూలుదారం కనిపిస్తుంది. చిక్కని చక్కెర పాకంలో దారం వేలాడదీసి కొన్ని రోజులు కదపకుండా ఉంచితే, స్ఫటికాలు దానిని ఆధారం చేసుకొని పెరుగుతాయి. పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థి ఒక బీకరుతో ఈ ప్రయోగం చేయవచ్చు. 1937లో బోధన్‌లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారంలో భారీ ఎత్తున సాగినదీ సూత్రరీత్యా ఇదే.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 200 గ్రాముల సుక్రోజ్ కరుగుతుంది. 100 డిగ్రీల వద్ద 480 గ్రాములకు పైగా కరుగుతుంది. ద్రావణం చల్లారినా, నీరు ఆవిరైనా అదనపు సుక్రోజ్ వెంటనే బయటపడక అతిసంతృప్త స్థితిలో నిలుస్తుంది. సంతృప్త స్థాయికి దాదాపు 1.2 రెట్ల వరకు ఉన్న స్ఫటికాలు పెరుగుతాయే గాని కొత్తవి పుట్టవు. 1.3 రెట్లు దాటితే సన్నరవ్వ విపరీతంగా పుడుతుంది. అది మడ్డి నుంచి సరిగా విడిపడదు. అందువల్ల కర్మాగారంలో పీడనం తగ్గించి, 60–70 డిగ్రీల వద్దనే పాకాన్ని మరిగిస్తూ, మెత్తగా నూరిన చక్కెరను విత్తనంగా వేస్తారు. విత్తనం ఎక్కువైతే గింజ చిన్నదవుతుందన్నది ఇక్కడా వర్తిస్తుంది.

స్ఫటికం పెరగాలంటే సుక్రోజ్ అణువు మొదట పాకం గుండా దాని ముఖాన్ని చేరాలి; తరువాత తనను అంటుకొన్న నీటిని విడిచి అమరికలో కుదురుకోవాలి. పాకం జిగట మొదటి దశను, మలినాలు రెండవ దశను మందగింపజేస్తాయి. ఈ రెండింటికీ మూలం చాలావరకు పొలంలోనే ఉంటుంది. కోసిన చెరకు ఎండలో పడి ఉన్నకొద్దీ ఇన్వర్టేజ్ ఎంజైము సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. కోత గాయాల ద్వారా ప్రవేశించే ల్యూకోనాస్టాక్ బాక్టీరియా డెక్స్‌ట్రాన్ అనే జిగురును తయారుచేస్తుంది. అది పాకాన్ని చిక్కబరచడమే గాక, కొన్ని ముఖాల పెరుగుదలను అడ్డుకొని స్ఫటికాన్ని సూదిలా సాగదీస్తుంది. అట్టి స్ఫటికాలు కనిపిస్తే, నిలవ చెరకు వచ్చిందేమోనని రసాయనజ్ఞుడు అనుమానించవలసిందే.

అనకాపల్లి ప్రాంతపు బెల్లం పెనంలోనూ ఈ నష్టం తెలిసిపోతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అధికమైతే బెల్లం గట్టిపడదు, వానాకాలంలో చెమ్మ పీల్చి కారుతుంది. సున్నం ఆమ్లతను తగ్గించగలదు గాని, విడిపోయిన సుక్రోజ్‌ను తిరిగి కలపలేదు. కోసిన 24 గంటలలోపు గానుగ ఆడాలన్న సిఫారసును విస్తరణ కార్యకర్తలు సాధారణంగా తూకం తగ్గుదలతోనే వివరిస్తారు. అది చాలదు, కాటాకు అందని నష్టమే ఎక్కువ కీడు చేస్తుంది. ఆలస్యం తప్పనప్పుడు చెరకును నీడలో పేర్చి, ఎండాకు కప్పి, నీరు చిలకరిస్తే ఈ మార్పు నెమ్మదిస్తుంది, ఆగిపోదు.