మరమనిషి మృగముఖముగా మారుట ఎట్లు?

పండుగలకు, గ్రామదేవతల సంబరాలకు పులివేషములు కట్టుట ఉత్తరాంధ్రములో చిరకాలముగా వచ్చుచున్న వేడుక. వేషము కట్టినవాడు తన వీధివాడే అని తెలిసియు, పులిముఖము కనబడగానే చిన్నపిల్లవాడు ఒక అడుగు వెనుకకు వేయును. ముఖము మారిన మనిషియే మారినట్లు తోచును. ఈ స్వభావమును ఆధారము చేసికొని వచ్చిన ఒక వింత బొమ్మ కలదు. చేతిలో నున్నప్పుడు అది మరమనిషి. మడతలు విప్పి త్రిప్పినచో ముఖమునకు తొడుగుకొనదగిన జంతుముఖము. ఇందులో గారడీ ఏమియు లేదు. ఉన్నత పాఠశాలలో నేర్చుకొను భౌతికశాస్త్ర సూత్రములే ఉన్నవి.

బొమ్మ పుట్టుక

'రోబో' అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకము ద్వారా లోకమునకు తెలిసినది. చెక్ భాషలో 'రోబొటా' అనగా వెట్టిచాకిరి. నిజమైన రోబో పరిసరములను గ్రహించి, దానినిబట్టి తన పనిని తానే నడుపుకొనును. మన బొమ్మకు ఆ శక్తి లేదు. దానిని కదలించునది పిల్లవాని వ్రేళ్ళే.

జపానులోని తకారా సంస్థ రూపొందించిన మారురూపపు బొమ్మలను అమెరికాలోని హాస్బ్రో సంస్థ 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' అను పేరుతో విడుదల చేసినది. వీనిలో పెక్కు వాహనములుగా మారునట్టివి. 1996లో వచ్చిన 'బీస్ట్ వార్స్' బొమ్మలు జంతువులుగా మారినవి. 2023లో ఈ కథల చలనచిత్రముతో పాటు, గొరిల్లా ముసుగుగా మారు 'ఆప్టిమస్ ప్రైమల్' బొమ్మ కూడ వచ్చినది.

కీలులోని కిటుకు

తలుపు బందును గమనింపుడు. అది ఒకే తలములో తిరుగును. మన మోచేయి దాదాపు అట్టిదే. భుజములోని కీలు వేరు. గుండ్రని ఎముక చివర గిన్నెవంటి గుంటలో అమరి పలుదిక్కులకు తిరుగును. మారురూపపు బొమ్మలలో ఈ రెండు రకముల కీళ్ళును కలవు. మరమనిషి వీపుగా, భుజములుగా కనబడు పలకలే కీళ్ళపై తిరిగి జంతువు నుదురుగా, చెక్కిళ్ళుగా అమరును. క్రొత్త భాగమేదియు చేరదు, ఉన్నది పోదు; స్థానము మాత్రమే మారును.

ఇచట ఒక చిన్న గణితము కలదు. ఒక కీలుకు 'ముడుచుట', 'తెరచుట' అను రెండు స్థితులే ఉన్నవనుకొందము. రెండు కీళ్ళకు 4, మూడింటికి 8, ఎనిమిది కీళ్ళకు 256 అమరికలు ఏర్పడును. వీనిలో బొమ్మ చేయువానికి కావలసినవి రెండే: ఒకటి మనిషి, రెండవది మృగము. తక్కినవన్నియు వికారరూపములు. పైగా ఒక పలక మరియొకదానికి అడ్డు రాకుండ ఒకదాని నుండి రెండవదానికి దారి ఉండవలెను. కనుకనే మార్చుటలో వరుసక్రమము తప్పినచో బొమ్మ మొరాయించును. అప్పుడు బలము ప్రయోగించిన కీలు విరుగును.

చేయి ఎత్తిన నిలుచుట

మరమనిషి చేయి ఎత్తిన ఎత్తినట్లే నిలువవలెను. చేయి బరువు 40 గ్రాములు, దాని గరిమనాభి కీలు నుండి 6 సెంటీమీటర్ల దూరములో నున్నదనుకొనుడు. చేయి అడ్డముగా చాచినప్పుడు దానిని క్రిందికి త్రిప్పు బలభ్రామకము 40 × 6 = 240 గ్రాము-సెంటీమీటర్లు. కీలులోని ఘర్షణ దీనిని ఆపగలిగినచో చేయి నిలుచును, లేనిచో వ్రాలును. చేయి నిట్టనిలువుగా వ్రేలాడునప్పుడు ఈ భ్రామకము సున్న. అరిగిన కీలు గల బొమ్మ చేతులు ఎల్లప్పుడు వ్రేలాడుటకు కారణమిదే.

ముసుగులోని చూపు

పిల్లల క్షేమమునకు సంబంధించిన విషయమిది. ముసుగులోని కంటిరంధ్రము వెడల్పు 3 సెంటీమీటర్లు, కన్ను దానికి 3 సెంటీమీటర్లు వెనుక నున్నదనుకొందము. సరూప త్రిభుజముల న్యాయమున, 3 మీటర్ల దూరములోని గోడపై ఆ కంటికి 3 మీటర్ల వెడల్పే కనబడును. కన్ను 6 సెంటీమీటర్లు వెనుకకు జరిగినచో కనబడునది మీటరున్నర మాత్రమే. ముసుగు లేనప్పుడు మన రెండు కన్నులు కలిసి దాదాపు అర్ధవృత్తమును చూడగలవు. ముసుగు ధరించినవానికి ప్రక్కనుండి వచ్చు బండి కాని, కాలిక్రింది మెట్టు కాని కానరాదు. పలాస, టెక్కలి ప్రాంతముల గుండా 16వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. ముసుగుతో ఆట ఇంటి ముంగిటనే గాని బాటపై తగదు. 2021 జనవరి 1 నుండి మన దేశములో పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరియైనది, కొనునప్పుడు దానిని చూచుట మంచిది.

ఉద్దానపు మృగము

ఉద్దానము పిల్లలకు గొరిల్లా చిత్రములోని జంతువే; ఎలుగుబంటి మాత్రము ఎరిగిన జంతువు. జీడిమామిడి, పనస తోటలకు అది వచ్చుట కద్దు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలములోని కిడిసింగి వద్ద ఒక ఎలుగుబంటి దాడిలో పలువురు గాయపడిరి. దీని ముట్టె పొడుగు, పెదవులు వదులు, పై దవడ ముందుభాగమున రెండు పండ్లు ఉండవు. ఆ సందు గుండా చెదపురుగులను పీల్చి తినును. దీని ముసుగు చేయబూనినచో పొడుగాటి ముట్టె వలన గరిమనాభి ముందుకు జరిగి, ముసుగు ముందుకు వ్రాలును. తల వెనుక పట్టీని బిగించిన గాని నిలువదు. చేసిన ముసుగుతో తోటలలోనికి పోరాదు. చూచినవారు నిజముగా ఎలుగనుకొనిన చిక్కు.

తరగతిలో ప్రయోగము

రెండు అట్టముక్కలను ఒక బోల్టు, నట్టుతో కలుపుడు. ఒకదానిని అడ్డముగా ఉంచి, దాని కొసన ఒక్కొక్క నాణెము అంటించుచు, ఎన్నవ నాణెమునకు అది జారునో వ్రాసికొనుడు. నట్టును అర చుట్టు బిగించి మరల చేయుడు. నాణెముల సంఖ్య పెరుగును. పిమ్మట ఇంకొక అట్టలో 3 సెంటీమీటర్ల రంధ్రము చేసి, ఒక కంటితో నల్లబల్లపై కనబడు వెడల్పును కొలువుడు. ఘర్షణ, బలభ్రామకము, సరూప త్రిభుజములు ఇట్లు ఒక గంటలో పిల్లల చేతిలోనే రుజువగును. బొమ్మను కొననక్కరలేదు, అది ఎట్లు పనిచేయునో తెలిసిన పిల్లవాడు దానిని తానే చేసికొనగలడు.