అడవి రోడ్లపై సైకిలు ప్రయాణం - వన్యప్రాణుల నుండి జాగ్రత్తలు

అడవుల గుండా లేదా అడవి అంచుల వెంబడి సాగే రోడ్లపై సైకిలు తొక్కేవారికి వన్యప్రాణులు ఎదురుపడడం సహజం. ఇటువంటి సందర్భాలలో మనిషికి గాని, జంతువుకు గాని హాని కలుగకుండా పాటించవలసిన పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడినవి. నల్లమల, శేషాచలం కొండలు, తూర్పు కనుమలలోని మన్యం ప్రాంతాలు తెలుగునాట ఇటువంటి రోడ్లు ఉన్న ముఖ్యమైన ప్రదేశాలు. దాడి చేసే ఉద్దేశంతో రోడ్డు మీదకు వచ్చే జంతువులు చాలా అరుదు. ఎక్కువ ప్రమాదాలు మనిషి, జంతువు ఒకరినొకరు గమనించకుండా దగ్గరకు రావడం వలననే జరుగుతాయి.

సైకిలుకు గల ప్రత్యేకత

కారు, బస్సు వంటి వాహనాల చప్పుడు జంతువులకు దూరం నుండే వినబడుతుంది. కాలినడకన పోయే మనిషి వేగం తక్కువ కనుక జంతువుకు తప్పుకొనే వ్యవధి ఉంటుంది. సైకిలులో ఈ రెండు రక్షణలూ లేవు. అది చప్పుడు లేకుండా, నడకకు నాలుగైదు రెట్ల వేగంతో పోతుంది. పైగా సైకిలుపై ఉన్న వ్యక్తికి చుట్టూ ఏ విధమైన కవచమూ ఉండదు.

గంటకు 20 కి.మీ. వేగంతో పోయే సైకిలు సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు కదులుతుంది. ఘాట్ రోడ్డు దిగేటపుడు వేగం 40 కి.మీ.కు చేరితే సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. అడ్డుగా ఉన్న జంతువును చూసి బ్రేకు పట్టడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకొంటే, బ్రేకు పనిచేయడం మొదలయ్యేసరికే సైకిలు 16 మీటర్లకు పైగా ముందుకు పోయి ఉంటుంది. చాలా మలుపులలో అంత దూరం రోడ్డు కనబడదు. కనుక దిగుడులో, మలుపులలో వేగం తగ్గించడమే అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త.

2016లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, గ్లేసియర్ జాతీయ ఉద్యానవనం సమీపాన, అడవి బాటలో వేగంగా పోతున్న ఒక సైకిలిస్టు మలుపు వద్ద గ్రిజ్లీ ఎలుగుబంటిని ఢీకొని, దాని దాడిలో మరణించాడు. వేగం, చప్పుడు లేకపోవడం, ముందున్న దారి కొద్ది దూరమే కనబడడం - ఈ మూడూ కలిసిన చోట ఎలుగుబంటికి గాని, మనిషికి గాని తప్పుకొనే అవకాశం ఉండదని ఈ ఘటన తెలియజేస్తుంది.

రోడ్లు, వేళలు, నిబంధనలు

హైదరాబాదు - శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటిన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. దోర్నాల - శ్రీశైలం ఘాట్ రోడ్డు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉన్నది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఈ అడవి రోడ్లపై రాకపోకలను అటవీ శాఖ చెక్‌పోస్టుల వద్ద నిలిపివేస్తారు. కర్ణాటకలోని బందీపూర్ గుండా పోయే జాతీయ రహదారిపై ఇదే వేళలలో నిషేధం 2009 నుండి అమలులో ఉన్నది. తిరుమలలో 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటపై చిరుతపులి దాడిలో ఆరేళ్ళ బాలిక మరణించిన తరువాత, ఘాట్ రోడ్లపై ద్విచక్ర వాహనాల వేళలను కూడా తగ్గించారు. ఇటువంటి ఆంక్షలు పండుగలను బట్టి, జంతువుల సంచారాన్ని బట్టి మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు చెక్‌పోస్టులో విచారించడం అవసరం.

గేటు తెరిచి ఉన్నంత మాత్రాన ఆ వేళ సైకిలుకు అనుకూలమని భావించరాదు. మోటారు వాహనానికి గంటన్నర పట్టే దోర్నాల - శ్రీశైలం దారి సుమారు 50 కి.మీ. ఉంటుంది. ఎత్తుపల్లాల రోడ్డులో గంటకు 12 కి.మీ. చొప్పున పోయే సైకిలిస్టుకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. విశ్రాంతి, పంక్చర్లు కలుపుకొంటే ఐదు గంటలు. కావున సాయంత్రం 6 గంటలలోగా అడవి దాటవలెనంటే మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే గేటు దాటాలి. తెల్లవారుజాము, సూర్యాస్తమయ సమయాలు చిరుత, ఎలుగుబంటి, అడవి పంది, కణుజు వంటివి ఎక్కువగా సంచరించే వేళలు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యం గుండా ప్రజా రహదారిపై ప్రయాణించడానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. అయితే రోడ్డు వదలి అడవిలోకి పోవడానికి అనుమతి తప్పనిసరి. జంతువులను రెచ్చగొట్టడం, వేధించడం, అక్కడ చెత్త పారవేయడం ఈ చట్టం క్రింద నేరాలు.

సాధారణ జాగ్రత్తలు

* ఒంటరిగా పోరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరికొకరు కనబడేంత దూరంలో ప్రయాణించాలి. జట్టులో వెనుకబడినవారిని వదలి పోరాదు.
* నల్లమలలో చాలా చోట్ల సెల్ ఫోను పనిచేయదు. ఎప్పుడు బయలుదేరినదీ, ఎప్పటికి చేరవలసినదీ ఇంటివారికి ముందే చెప్పి ఉంచాలి.
* రెండు చెవులలోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు. కొమ్మలు విరిగిన చప్పుడు, కొండముచ్చుల హెచ్చరిక అరుపు, దుప్పుల కేక చెవిన పడితే ముందు ఏదో ఉన్నదని గ్రహించవచ్చును.
* మలుపులకు ముందు గంట మ్రోగించడం గాని, బిగ్గరగా మాట్లాడడం గాని చేయాలి. జంతువు కనబడిన తరువాత మాత్రం గంట మ్రోగించి దానిని బెదరగొట్టరాదు.
* ఆహారాన్ని వాసన రాని డబ్బాలలో ఉంచి సంచి లోపల పెట్టుకోవాలి. హ్యాండిలుకు పండ్ల సంచి తగిలించుకొని పోరాదు.
* చెంచు పెంటలలో, చెక్‌పోస్టులలో ఉండేవారిని దారి విచారించడం మంచిది. ఏ వాగు వద్ద ఎలుగుబంటి తిరుగుతున్నదో పటాల కంటె వారికే బాగా తెలుస్తుంది.

జంతువుల వారీగా జాగ్రత్తలు

కోతులు

అడవి రోడ్డుపై అందరికీ ఎదురయ్యేవి కోతులే. ప్రయాణికులు తిండి వేయడం వలన ఇవి రోడ్డు పక్కనే కాపురముంటున్నవి. ప్లాస్టిక్ సంచి చప్పుడు వింటే తిండి అనుకొని మీదకు వస్తాయి. కోతి కళ్ళలోకి తదేకంగా చూడడం, పళ్ళు కనబడేటట్లు నవ్వడం వాటి దృష్టిలో బెదిరింపులు. గుంపు మధ్య నుండి ఆగకుండా, నిదానంగా సాగిపోవాలి. సంచిని పట్టుకొంటే పెనుగులాడక వదిలివేయడం ఉత్తమం. పోయిన సంచి కంటె కోతి కాటు వలన కలిగే నష్టం ఎక్కువ.

ఎలుగుబంటి

దక్షిణ భారతదేశపు అడవులలో మనుషులను తీవ్రంగా గాయపరచే జంతువులలో ఎలుగుబంటి ముఖ్యమైనది. దీని వాసన శక్తి గొప్పది కాని చూపు మందం. చెదపుట్టలు త్రవ్వుతూ, ఇప్పపూలు తింటూ ఉన్నపుడు చుట్టూ జరిగేది గమనించదు. హఠాత్తుగా మనిషి దగ్గరలో కనబడితే పారిపోవడానికి బదులు మీదపడుతుంది. పిల్లలను వీపుపై మోసుకొని తిరిగే తల్లి మరింత ప్రమాదకరం. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ మాసాలలో తెల్లవారుజామున ప్రయాణించరాదు.

దూరాన కనబడితే ఆగి, అది పోయేవరకు వేచి ఉండాలి, లేదా నెమ్మదిగా వెనుకకు మరలాలి. దగ్గరలో ఉంటే పరుగెత్తక, సైకిలును మధ్యలో ఉంచుకొని మెల్లగా వెనుకకు జరగాలి. మీదపడినచో బోర్లా పడుకొని, రెండు చేతులతో మెడ వెనుక భాగాన్ని కప్పుకోవాలి. ఎలుగుబంటి గాయాలు ఎక్కువగా ముఖం, తలపైనే అవుతాయి. అందుచేత హెల్మెట్టును, వీపుకున్న సంచిని తీయరాదు.

చిరుతపులి, పెద్దపులి

ఇవి సాధారణంగా మనిషిని చూసి తప్పుకొంటాయి. కాని పారిపోయే ప్రాణిని వెంటాడడం పిల్లి జాతి స్వభావం. కాబట్టి ఎదురైనపుడు సైకిలు త్రిప్పి వేగంగా తొక్కడం సరికాదు. దిగి, నిటారుగా నిలబడి, జంతువు వైపే ముఖం ఉంచి, బిగ్గరగా మాట్లాడుతూ నెమ్మదిగా వెనుకకు జరగాలి. కూర్చోవడం, వంగడం చేయరాదు. వంగిన మనిషి చిన్న జంతువు వలె కనబడతాడు. దాడి చేసినచో చేతికందిన వస్తువుతో ఎదిరించాలి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన రెండు ఘటనలు ఈ విషయంలో గమనింపదగినవి. 2018లో ఇద్దరు సైకిలిస్టులపై ప్యూమా దాడి చేసింది. రెండవ వ్యక్తి పరుగెత్తగా అది మొదటివానిని వదలి అతనిని వెంటాడి చంపింది. 2024లో ఐదుగురు మహిళలు సైకిళ్ళపై పోతుండగా ప్యూమా ఒకరిని నోట కరచింది. తోటివారు పారిపోక రాళ్ళతో, కర్రలతో కొట్టి, సైకిలుతో దానిని నేలకు అదిమిపట్టి, సహాయం వచ్చేవరకు విడువలేదు. గాయపడిన మహిళ ప్రాణాలతో బయటపడింది.

ఏనుగు

నల్లమలలో అడవి ఏనుగులు లేవు. చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యం పరిసరాలలోను, పార్వతీపురం మన్యం జిల్లాలోను ఉన్నవి. ఏనుగు గంటకు సుమారు 25 కి.మీ. వేగంతో పరుగెత్తగలదు. ఎత్తు ఎక్కే సైకిలు దానిని తప్పించుకోలేదు. కనబడగానే కనీసం 100 మీటర్ల దూరంలో ఆగి, వెనుకకు మరలాలి. తల్లికి, పిల్లకు మధ్యకు పోరాదు. గంట, టార్చి, ఫ్లాష్ ఉపయోగించరాదు. చెవులు విప్పార్చి, తల ఎత్తి నిలబడితే అది హెచ్చరిక. అది తరిమితే సైకిలును వదిలివేసి పెద్ద బండ లేదా లోతైన కందకం వంటి అడ్డు చాటుకు చేరాలి.

అడవి పంది, దుప్పి, మనుబోతు

వీటి వలన కలిగే ప్రమాదం ఢీకొనడమే. ఇవి తరచుగా గుంపుగా రోడ్డు దాటుతాయి. ఒకటి దాటినదంటే వెనుక మరికొన్ని ఉన్నవని భావించి పూర్తిగా ఆగాలి. పిల్లలతో ఉన్న ఆడపందికి మరింత దూరంగా ఉండాలి.

పాములు

పగటి ఎండకు వేడెక్కిన తారు రోడ్డుపైకి సంధ్య వేళ పాములు చేరుతాయి. దేశంలో ఎక్కువ మరణాలకు కారణమైన నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ తెలుగునాట కలవు. పాముపై నుండి సైకిలు పోనీయరాదు. ఆగి, అది దాటిన తరువాత కదలాలి. చనిపోయినదనుకొన్న పామును కూడా ముట్టుకోరాదు. పంక్చరు అయినపుడు గడ్డిలో కాక రోడ్డు అంచున, నేల చూసుకొని కూర్చోవాలి.

తేనెటీగలు

పెద్ద చెట్లకు, కొండ చరియలకు, వంతెనల క్రింద కొండ తేనెటీగల పట్టులు వ్రేలాడుతుంటాయి. వాటి క్రింద ఆగరాదు, పొగ పెట్టరాదు. పైన చెప్పిన జంతువులలో చాలావాటి విషయంలో పారిపోవడం తప్పు కాగా, తేనెటీగల విషయంలో వెంటనే పారిపోవడమే సరైనది. ముఖాన్ని గుడ్డతో కప్పుకొని, చేతులు విసరకుండా, వీలైనంత దూరం సైకిలు తొక్కుకొనిపోవాలి. వాహనం గాని, ఇల్లు గాని ఉంటే లోపలకు పోయి తలుపులు మూయాలి. నీటిలోకి దూకరాదు. తల పైకెత్తినపుడు అవి మరల కుడతాయి.

పక్షులు

ఆస్ట్రేలియాలో ఆగస్టు నుండి అక్టోబరు వరకు గూళ్ళు కాపాడుకొనే మ్యాగ్‌పై పక్షులు సైకిలిస్టుల తలలపైకి దూకుతాయి. 2019లో వలంగాంగ్ ప్రాంతంలో ఒక వృద్ధుడు వీటిని తప్పించుకోబోయి రోడ్డు ప్రక్కకు పోయి పడి మరణించాడు. అక్కడి అధికారులు ఇచ్చే సలహా - సైకిలు దిగి, హెల్మెట్టు తీయకుండా నడచి పోవలెనని.

ప్రథమ చికిత్స

కాటు, గీరు: గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం వంటివి పూయరాదు. కోతి, చిరుత, ఎలుగుబంటి, కుక్క - దేని కాటుకైనా రేబీస్ టీకా అవసరం. దీనిని చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు (0), ఆ తరువాత 3, 7, 28 రోజులలో ఇస్తారు. గాయం లోతైనదైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత రేబీస్‌ దాదాపుగా ప్రాణాంతకం. కావున గాయం చిన్నదని ఉపేక్షించరాదు.

పాము కాటు: కాటు పడిన అవయవాన్ని కదలనీయక, ఉంగరాలు, గడియారం తీసివేసి, 108 వాహనంలో గాని, దారిన పోయే ఏ వాహనంలో గాని ఆసుపత్రికి చేర్చాలి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, త్రాడుతో బిగించి కట్టడం చేయరాదు. కాటు తిన్న వ్యక్తి సైకిలు తొక్కుకొని పోరాదు. కండరాలు పనిచేసిన కొద్దీ విషం త్వరగా వ్యాపిస్తుంది.

వన్యప్రాణుల క్షేమం

ప్రయాణికులు వేసే అరటిపండు, బిస్కట్టు కోతులను రోడ్డుకు అలవాటు చేస్తాయి. రోడ్డుకు వచ్చిన కోతులు వాహనాల క్రింద పడి చనిపోతున్నవి. తిండి దొరకనపుడు తరువాత వచ్చే సైకిలిస్టుపై పడుతున్నవి. కనుక జంతువులకు ఆహారం వేయకపోవడం, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకొనిపోవడం జంతువుకే కాక, వెనుక వచ్చే ప్రయాణికునికి కూడా రక్షణ. గాయపడిన జంతువు కనబడితే ముట్టుకొనక, ఆ స్థలం వద్ద ఉన్న కిలోమీటరు రాయి సంఖ్యను గుర్తుంచుకొని తరువాతి చెక్‌పోస్టులో తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* నల్లమల అడవులు
* నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం
* ఎలుగుబంటి
* పాము కాటు
* రేబీస్