బ్యాటరీ లైట్ వెలిగిందా? ముందు బెల్ట్ చూడండి: పాత పికప్‌లో ఛార్జింగ్ సమస్యలు

ఈ ఎపిసోడ్ పాత పికప్ బండి ఉన్నవాళ్ళ కోసం. ఇంట్లో నాన్నదో, మామదో పాత డీజిల్ పికప్ ఉండి, పొద్దున్నే సెల్ఫ్ తీసుకోక నలుగుర్ని పిలిచి తోయిస్తున్నారా? అయితే ఇది మీకే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా బాబాయి తన పికప్‌లో మదనపల్లె మార్కెట్‌కి టమాటా లోడ్లు తోలతాడు. పోయిన ఎండాకాలం బండి పొద్దున పూట సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాడు. మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక రాత్రి లోడుతో పోతుంటే మీటర్ బోర్డులో ఎర్రగా బ్యాటరీ గుర్తు వెలిగింది. ఇంజిన్ ఆగలేదు కదా, మార్కెట్‌కి పోయాక చూద్దాంలే అని అలాగే పోనిచ్చాడు. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా ఉంది. బలమంతా పెట్టి తొక్కుతూ, గేర్లు తగ్గిస్తూ ఎలాగో పక్కకి ఆపాడు. మనిషికి ఏమీ కాలేదు. కానీ ఇంజిన్ హెడ్ విప్పాల్సి వచ్చింది. లోడు వేరే బండిలోకి మార్చి పంపేసరికి వేలం అయిపోయింది.

ఇంతకీ తెగింది ఏంటి? ఫ్యాన్ బెల్ట్.

ఒక్క బెల్ట్ తెగితే ఇన్ని ఎందుకు పోయాయో చూద్దాం. ఇంజిన్ ముందు వైపు కింద ఒక పెద్ద పుల్లీ తిరుగుతుంది. దాని మీద నుంచి వెళ్ళే బెల్టే డైనమోని తిప్పుతుంది. అసలు పేరు ఆల్టర్నేటర్, కానీ షెడ్డులో అందరూ డైనమో అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. చాలా పాత బండ్లలో అదే బెల్ట్ వాటర్ పంప్‌ని, ఫ్యాన్‌ని కూడా తిప్పుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలీదు. చాలా పాత డీజిల్ పికప్‌లలో డైనమో వెనకాలే చిన్న వాక్యూమ్ పంప్ బిగించి ఉంటుంది. మీ కాలికి బ్రేక్ తేలిగ్గా అనిపించేది దాని వల్లే. అంటే బెల్ట్ తెగితే ఛార్జింగ్ పోతుంది, నీళ్ళు తిరగవు, ఒకటి రెండు సార్లు తొక్కాక బ్రేక్ కూడా గట్టిపడుతుంది.

మరి ఇంజిన్ ఎందుకు ఆగలేదు? పాత డీజిల్ ఇంజిన్‌లో మెకానికల్ పంప్ ఉంటుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక దానికి కరెంటుతో పెద్దగా పని లేదు. మనల్ని మోసం చేసేది ఇదే. బండి నడుస్తోంది కదా అనుకుంటాం, లోపల ఇంజిన్ ఉడికిపోతూ ఉంటుంది.

సరే, ఇప్పుడు వరసగా ఎలా చెక్ చేయాలో చూద్దాం.

మొదటిది, లైటు. తాళం తిప్పి ఆన్‌లో పెట్టండి, స్టార్ట్ చేయొద్దు. బ్యాటరీ గుర్తు వెలగాలి. స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆన్‌లో పెట్టినప్పుడు అసలు వెలగకపోతే హమ్మయ్య అనుకోకండి. ఆ బల్బు మాడిపోయి ఉండొచ్చు. చాలా పాత డైనమోలకి మొదట అందే కొంచెం కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు లేకపోతే డైనమో ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. బల్బు వేసి చూడకుండా డైనమో విప్పించకండి.

రెండోది, బెల్ట్. ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. మెడలో తువ్వాలు తీసేయండి. ఫోన్ టార్చ్ వేసి బెల్ట్‌ని తిప్పి లోపలి వైపు చూడండి. పగుళ్ళు, పీచు లేవడం, పక్కలు అద్దంలా మెరవడం కనిపిస్తే అది మార్చాల్సిన బెల్టే. వి ఆకారం బెల్ట్‌కి పట్టు ఉండేది పక్కల్లో, అడుగున కాదు. అరిగి పుల్లీ అడుగుకి తగిలిందంటే ఎంత బిగించినా జారుతుంది. టైట్ చూడాలంటే రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. మామూలుగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. అంతకన్నా ఎక్కువ దిగితే లూజు. అసలు దిగకపోతే ఓవర్ టైట్, అప్పుడు డైనమో బేరింగ్, వాటర్ పంప్ బేరింగ్ రెండూ తొందరగా పోతాయి.

పొద్దున స్టార్ట్ చేయగానే, లైట్లు వేయగానే కీచుమని అరుస్తోందా? బెల్ట్ జారుతోందని అర్థం. కొందరు సబ్బు రుద్దుతారు, కొందరు నూనె పోస్తారు. చేయొద్దు. అరుపు ఆగుతుందేమో గానీ జారడం ఆగదు. మా బాబాయి బండి నెల రోజులు అరిచిందట, ఎవరూ పట్టించుకోలేదు.

మూడోది, మల్టీమీటర్. చిన్నది కొని బండిలో పడేసుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం ఎక్సిలేటర్ ఇస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13.5 కిందికి పడకూడదు. స్టార్ట్ చేశాక కూడా 12.5 దగ్గరే ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, అది బ్యాటరీని ఉడికించేస్తుంది.

ఛార్జింగ్ తక్కువగా ఉండి, బెల్ట్ బాగుంటే, ఇక వైర్లు. మీటర్ ఒక కొస డైనమో లావు వైరు బోల్టు మీద, ఇంకో కొస బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. ఇంజిన్ ఆన్, లైట్లు ఆన్. 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పో, లూజో ఉంది. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి. పాత బండ్లలో ఎర్త్ వైరు తుప్పు పట్టడం చాలా మామూలు. ఇవన్నీ సరిగా ఉంటేనే డైనమో విప్పించండి. లోపల ఎక్కువగా పోయేవి కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్లు. కొత్త డైనమో కొనే ముందు రిపేరు అవుతుందేమో అడగండి.

డైనమో బాగానే ఛార్జ్ చేస్తోంది, అయినా పొద్దున్నే బ్యాటరీ డౌన్ అంటే? బ్యాటరీయే పాతబడిందో, లేదా తర్వాత పెట్టించిన మ్యూజిక్ సిస్టమో, లైట్లో రాత్రంతా కరెంటు తాగుతున్నాయో చూసుకోవాలి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది అంటారు. పాత డీజిల్ ఎలాగూ ఆగదని ఇందాకే చెప్పుకున్నాం, కాబట్టి ఆ టెస్టుతో తెలిసేది ఏమీ లేదు. పైగా ఒక్కసారిగా వోల్టేజ్ ఎగిరి బాగున్న డయోడ్లు మాడిపోవచ్చు. ఇంకోటి, డైనమో విప్పేటప్పుడు బ్యాటరీ మైనస్ వైరు ముందు తీయండి. ఆ లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులే.

చివరగా, ఈ రోజే చేయగలిగిన పని ఒకటి. బెల్ట్ మీద దాని సైజు నంబరు ఉంటుంది. అది చెరిగిపోకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అదే నంబరుది ఒక బెల్ట్, దాన్ని బిగించే పానాలు సీటు కింద పెట్టుకోండి. కొత్త బెల్ట్ వేశాక కొంచెం సాగుతుంది, రెండు మూడు రోజులు తిరిగాక టైట్ మళ్ళీ చూడండి.

దారిలో ఆ ఎర్ర లైటు వెలిగితే, వెంటనే జాగ్రత్తగా పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. బెల్ట్ తెగి ఉంటే బండి కదపొద్దు, ఊరు ఎంత దగ్గర్లో ఉన్నా సరే.

ఈ విషయం మీ ఇంట్లో బండి తోలేవాళ్ళకి తప్పకుండా చెప్పండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.