బావినీటి దుర్వాసన: కారణము, నివారణ

మన నేతకుటుంబములకు బావినీరు త్రాగుటకు మాత్రమే కాదు. నూలు నానబెట్టుటకు, గంజి కాచుటకు, రంగు కలుపుటకు కూడ అదియే ఆధారము. షోలాపురములో గాని, సేలములో గాని, బరంపురములో గాని, యానాములో గాని పెరటిబావి నీటితో బ్రదుకు ఇంట ఆ నీరు చెడినచో వంటయు నేతయు ఒకేసారి చెడును. వాసన రాగానే బ్లీచింగు పొడి గుమ్మరించుట పలువురి అలవాటు. ఇది సరికాదు. ముందు కారణము తెలియవలెను, పిదప మందు.

వాసన గుర్తించు విధము

ఉదయమే శుభ్రమైన గాజుగ్లాసులో నీరు తీసికొని, బావికి దూరముగా పోయి వాసన చూడుడు. బిందెలోనో చేదలోనో ఉన్న కంపునకు బావిని నిందించువారు కలరు. ఆ నీటినే మూత లేకుండ కొన్ని గంటలు ఉంచి మరల చూడుడు.

1. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన: ఇది హైడ్రోజన్ సల్ఫైడు వాయువు. గాలి తగులని బురదలో ఆకులు, చెత్త, గంజినీరు కుళ్లునపుడు సూక్ష్మజీవులు నీటిలోని గంధక లవణములనుండి దీనిని పుట్టించును. నీటిని గాలికి ఉంచినచో వాసన తగ్గును. పూడిక తీయించి, నీరు తోడించుట దీనికి మార్గము.

2. ఇనుప వాసన: తోడినపుడు తేటగా నుండి, నిలిచిన పిదప ఎఱ్ఱబారి అడుగున తుప్పు వంటి మడ్డి చేరును. తెల్లనూలుపై మచ్చలు పడును, లేతరంగులు మాసినట్లు కనబడును. ఎత్తునుండి ధారగా పోసి, ఒక రాత్రి నిలిపి, ఇసుకగుండ వడగట్టినచో చాలవరకు మేలగును.

3. మురుగు వాసన: వాన పడిన పిదప ఎక్కువైనచో మరుగుదొడ్డి గుంటనో కాలువనో అనుమానింపవలెను. కలరా, టైఫాయిడు, కామెర్లు ఈ దారినే వచ్చును. వెంటనే ఆ నీరు త్రాగుట మానుడు. వాసన లేనంత మాత్రమున నీరు మంచిదని నమ్మరాదు. 100 మిల్లీలీటర్ల త్రాగునీటిలో ఇ. కోలై అను క్రిమి ఒక్కటియు ఉండరాదని భారత ప్రమాణము (2012). ఇది ప్రయోగశాలలోనే తెలియును.

4. రంగు, మందుల వాసన: ఈ విషయమున మేము మా తప్పే చెప్పుకొందుము. మా బావి కంపుకొట్టగా పొరుగువారి మరుగుదొడ్డిపై నేరము మోపి మాట తూలితిమి. తీరా చూడగా, సల్ఫరు నలుపు అద్దిన నీళ్లను, గంజినీళ్లను మేమే పారబోయు గుంట బావికి పది అడుగులలో నున్నది! గుంట మార్చిన పిదపగాని వాసన తగ్గలేదు. పొరుగింటికి పోయి క్షమాపణ చెప్పుకొంటిమి. ఇట్టి నీటిలోని రసాయనములు కాచినను, బ్లీచింగు వేసినను పోవు. పరీక్ష చేయించునంతవరకు త్రాగరాదు.

శుద్ధి చేయు విధము

మురుగుగుంటలు, అద్దకపు గుంటలు బావికి కనీసము 15 మీటర్ల దూరమున, పల్లపువైపున ఉండవలెను. బావి ఒర పగుళ్లు సిమెంటుతో పూడ్చి, చుట్టు చప్టా కట్టించుడు.

కారణము తొలగిన పిదపనే బ్లీచింగు. మంచి పొడి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీరున్న గుండ్రని బావిలో సుమారు 9,400 లీటర్లుండును. 24 గ్రాములు చాలును. పొడిని బకెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి, పది నిమిషములు తేరనిచ్చి, పై తేటనే బావిలో కలపవలెను. అడుగు సున్నము పారవేయుడు. రాత్రి వేసి ఉదయము వాడుకొనుట మేలు. గంట గడచిన పిదప కొద్దిపాటి క్లోరిను వాసన కూడ లేనిచో మరల వేయవలెను.

ప్రాణాపాయ హెచ్చరిక

కంపుకొట్టు బావిలోనికి ఎవరిని దింపరాదు. దీపము ఆరినచో ప్రాణవాయువు లేదని అర్థము. కాని దీపము వెలిగినంత మాత్రమున క్షేమమని కాదు. ఈ విషవాయువు ఎక్కువైనపుడు ముక్కునకు వాసనయే తెలియకుండ పోవును. దిగి పడిపోయినవానికై మరియొకడు దిగి, ఇద్దరును పోవుట జరుగుచునే యున్నది. పూడిక పనిని తగిన సాధనములు గల అనుభవజ్ఞులకే అప్పగించుడు.

భూమిలోని నీటికి గోడలు లేవు. మన పెరటిలో పారబోసినది పొరుగువాని చేదలోనికి, మన చేదలోనికి కూడ వచ్చును. ఈ ఆదివారమే ప్రతి ఇంటివారును తమ గుంటకును బావికిని నడుమ దూరము కొలిచి చూచుకొందురని కోరుచున్నాము.