గొల్లకురుమలు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతం)

గొల్లకురుమలు గొర్రెలు, మేకల పెంపకం కులవృత్తిగా గల తెలంగాణ పశుపోషక సముదాయాలు. గొల్లలు (యాదవులు), కురుమలు వేర్వేరు కులాలే అయినా వృత్తి ఒకటే కావడం వలన వ్యవహారంలో కలిపి చెబుతారు. వెనుకబడిన తరగతుల జాబితాలో కురుమలు బి గ్రూపులోను, గొల్లలు డి గ్రూపులోను ఉన్నారు. 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన మూడు జిల్లాలలో వీరి స్థితిగతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

నిజాం పాలనలో దేశ్‌ముఖుల ఇంట పెళ్ళికి, పండుగకు మందలోనుండి గొర్రెను ఉచితంగా ఇవ్వవలసి వచ్చేది. ఇది వెట్టిలో భాగం. పశువులను మేపినందుకు చెల్లించే పుల్లరి దీనికి అదనం. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పులలో మరణించిన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు ఆయనే. స్వాతంత్ర్యానంతరం వచ్చిన భూసంస్కరణల చట్టాలు సాగుభూమిని గురించినవి. బంచరాయి భూములను భూమిలేని పేదలకు సాగుకు పంచడం న్యాయమే. కాని ఆ మేరకు ఊరుమ్మడి మేత తగ్గింది.

మేత భూములు

జనగామ మెట్ట ప్రాంతం. పంట కోసిన చేలలో రైతులు మంద పెట్టించుకొనేవారు. చేనుకు ఎరువు, కాపరికి గింజలు దక్కేవి. దేవాదుల ఎత్తిపోతల నీరు చేరిన చోట రెండవ పంట వచ్చి బీడు తగ్గింది. రైతుకు మేలు చేసిన నీరే కాపరిని దూరం పంపింది. ఎండాకాలంలో మందలను తూర్పున అడవులవైపు తోలుకొనిపోవడం పాత అలవాటు. అయితే పాకాల, ఏటూరునాగారం అడవులు 1950లలోనే అభయారణ్యాలయ్యాయి (ఏటూరునాగారం 2019 నుండి ములుగు జిల్లాలో ఉంది). 2015లో మొదలైన హరితహారం మొక్కలు నాటిన చోటికి మందను రానివ్వరు. భూపాలపల్లిలో సింగరేణి ఉపరితల గనులు మరికొంత నేలను తీసుకున్నాయి.

రాజకీయ ప్రాతినిధ్యం

వీరు చాలా ఊళ్ళలో ఉన్నా, చెదరి ఉండటం వలన ఒక నియోజకవర్గాన్ని నిర్ణయించే సంఖ్య కూడుకోవడం కష్టం. మంద వెంట నెలల తరబడి ఊరు విడిచిన కాపరి గ్రామసభకు రాలేడు. శాసనసభలో వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ లేదు. పంచాయతీలలో ఉన్న 34 శాతం కోటా 2019 ఎన్నికలనాటికి సుమారు 23 శాతానికి తగ్గింది. దానిని 42 శాతానికి పెంచుతూ 2025లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును అదే ఏడాది అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది.

గొర్రెల పంపిణీ పథకం

2017 జూన్ 20న ప్రారంభమైన ఈ పథకంలో ఒక్కొక్క యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మొదట్లో యూనిట్ ధర రూ. 1,25,000గా ఉండేది, ఇందులో ప్రభుత్వ రాయితీ 75 శాతం. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలలోని ఏడు లక్షలకు పైబడిన సభ్యులకు దీనిని ఉద్దేశించారు. 2012లో సుమారు 1.28 కోట్లున్న రాష్ట్రపు గొర్రెలు 2019 పశుగణనలో 1.91 కోట్లకు చేరి దేశంలో మొదటి స్థానం పొందాయి. 2024లో శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక మాత్రం గొర్రెలను తరలించినట్లు చూపిన వాహనాలలో ద్విచక్ర వాహనాలు, అంబులెన్సులు ఉన్నట్లు ఎత్తిచూపింది. అవినీతి నిరోధక శాఖ కేసులు కూడా నమోదయ్యాయి. అక్రమాల మాట అటుంచినా అసలు లోపం పథకపు రూపంలోనే ఉన్నది: గొర్రె ఇచ్చారు, అది మేసే నేలను ఇవ్వలేదు. మందలు పెరిగి మేత పెరగకపోతే నష్టపోయేది పెద్ద మంద గలవాడు కాదు, కొత్తగా ఇరవై గొర్రెలు తెచ్చుకొన్నవాడు.

అటవీ హక్కులు

2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) స్థిరంగాను, ఋతువులను బట్టి తిరుగుతూను మేపుకొనే హక్కును గుర్తించింది. గిరిజనేతరులు దీనిని పొందాలంటే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అడవిలో ఉంటూ దానిపై ఆధారపడినట్లు రుజువు చూపాలి. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే వచ్చిపోయే మెట్ట ప్రాంతపు కాపరికి ఇది దాదాపు అసాధ్యం. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం పెద్దయెత్తున పంపిణీ చేసిన పట్టాలు పోడు సాగు భూములకు సంబంధించినవి.